మంచు వెలుగులో చూసిన చలిజ్వరం

ఈమధ్య మాచర్ల, నరసరావుపేట వైపు నుంచి సీమకు, అంటే ఇంగ్లండుకు, వెళ్లి చదువుకోవాలనుకునే పిల్లలు ఒకరిద్దరు నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. ఎలాంటి బట్టలు కుట్టించుకోవాలి, ఓడలో కడుపులో తిప్పుతుందా, అక్కడ అన్నం దొరుకుతుందా అని అడుగుతారు. తెలిసినంత చెబుతాను. అక్కడ జబ్బు పడితే ఏమవుతుందని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. వెళ్లేముందు నేనూ ఎవరినీ అడగలేదు. తీరా వెళ్లాక జబ్బు పడ్డాను. ఇప్పుడు ఒళ్లు కుదుటపడింది, కలం పట్టుకుంటే చెయ్యి వణకడం లేదు. అందుకని రాస్తున్నాను.

నా పేరు రూతు. మా నాన్న మాచర్లలో మిషను బడి పంతులు. అమ్మ నా చిన్నతనంలోనే క్షయతో పోయింది. నాన్న అక్క అన్నమ్మ అత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. అమ్మను చివరి వరకు చూసుకున్నదీ, తర్వాత నన్ను పెంచిందీ ఆమే.

నాకు పురుగుల పిచ్చి పట్టింది మా ఇంటి జొన్నల గాదె దగ్గర. బియ్యపు గింజలో సగం కూడా లేని ముక్కుపురుగు, రాయిలాంటి జొన్నగింజకు బెజ్జం ఎలా వేస్తుందో చూడాలని గంటలకొద్దీ గాదె పక్కన కూర్చునేదాన్ని. ఆ పిచ్చే నన్ను గుంటూరు కాలేజీకి, అక్కణ్ణుంచి మద్రాసుకు, యుద్ధం అయిపోయాక ప్రభుత్వ విద్యార్థి వేతనం మీద ఇంగ్లండుకు తీసుకుపోయింది. నిలవ ధాన్యంలో పడే పురుగుల మీద పరిశోధన చేసి ఎమ్మెస్సీ పట్టా తెచ్చుకోవాలి. అత్తకు ఈ సంగతి చెప్పినప్పుడు చేటలో బియ్యం చెరుగుతోంది.

"పురుగుల్ని చూట్టానికి సముద్రం దాటాల్నా? మనింట్లో లేవా ఏంది?" అంది.

నాన్న మాత్రం "పోయిరా అమ్మా. కానీ ఒళ్లు జాగ్రత్త. మీ అమ్మ పోలిక నీది" అన్నాడు. ఆ ఆఖరి మాట నాతో పాటు ఓడ ఎక్కింది.

1946 శరత్కాలం

ఉత్తర ఇంగ్లండులో బట్టల మిల్లుల పొగతో నల్లబడిన నగరం అది. మిసెస్ హార్ట్లీ అనే విధవరాలి ఇంట్లో మేడమీద గది దొరికింది. విశ్వవిద్యాలయంలో నా పక్క బల్ల జీన్‌ది. స్కాట్లండు అమ్మాయి. నత్తల మీద పని చేసేది. మొదటి రోజు నా గాజుపెట్టెలో పురుగుల్ని చూసి, "ఇవి మీ ఊరివా?" అని అడిగింది. ఇవి అన్ని ఊళ్లవీ అన్నాను. నవ్వింది. అక్కడ నాకు దొరికిన మొదటి స్నేహం అది.

రొట్టె మొదలుకుని బొగ్గు దాకా అన్నిటికీ రేషనే. అయినా ఆ మొదటి నెలల్లో నాకు దేనికీ లోటు అనిపించలేదు. అన్నీ వింతే. నోట్లోంచి వచ్చే ఆవిరి వింత, మధ్యాహ్నం నాలుగింటికే పొద్దుగూకడం వింత. ఎండుటాకుల కింద చలికి ముడుచుకుని చచ్చినట్టు పడి ఉన్న పురుగు గది వెచ్చదనానికి లేచి నడవడం చూసి, ఒకరోజు మధ్యాహ్నం భోజనమే మరిచిపోయాను.

1947 శీతాకాలం

ఆ ఏడు పడ్డంత మంచు వాళ్ల పెద్దవాళ్లు కూడా చూడలేదట. రైళ్లు ఆగిపోయాయి. గనుల నుంచి బొగ్గు కదలక పగటిపూట కరెంటు కోసేసేవారు. ఇళ్లలో నీళ్ల గొట్టాలు గడ్డకట్టాయి. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం బల్ల దగ్గర పని చేస్తూ ఉండగా నాకు వణుకు పుట్టింది.

చలే కదా, అందరూ వణుకుతున్నారు అనుకున్నాను. కానీ ఈ వణుకు లోపలినుంచి వస్తోంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. జీన్ తన కోటు కూడా నా మీద కప్పి ఇంటికి తీసుకుపోయింది. కాసేపటికి ఒళ్లు పెనంలా కాలిపోయింది. సాయంత్రానికి చెమటతో పక్క తడిసిపోయింది. పొద్దున లేచేసరికి నీరసం తప్ప ఏమీ లేదు. ఫ్లూ అన్నారు. ఒకరోజు గడిచి మళ్లీ వచ్చింది. తర్వాత మళ్లీ. ముఖం పాలిపోయి, బట్టలు వదులయ్యాయి.

మిసెస్ హార్ట్లీ నన్ను తీసుకెళ్లి చూపించిన డాక్టరు నా గుండె మీద, వీపు మీద తట్టి విని, మీ కుటుంబంలో ఎవరికైనా ఊపిరితిత్తుల జబ్బు ఉందా అని అడిగాడు.

"మా అమ్మ క్షయతో పోయింది" అన్నాను.

ఆయన కలం ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలన్నీ ఒక్క దారినే నడిచాయి. సాయంత్రం జ్వరమా? అవును. చెమటలా? అవును. బరువు తగ్గారా? అవును. దగ్గు? ఆ చలికి దగ్గనివాళ్లు ఎవరున్నారు! నన్ను ఛాతీ జబ్బుల ఆసుపత్రికి పంపించాడు.

ఆ ఆసుపత్రిలో వేచి ఉండే గదిని నేను మరిచిపోలేను. గోడ వెంబడి బెంచీలు, మధ్యలో బొగ్గు లేని పొయ్యి. అందరూ దానికేసే చూస్తూ కూర్చునేవారు, చూపుతోనే వెచ్చబడొచ్చన్నట్టు. ఎవరికైనా దగ్గు వస్తే మిగిలినవాళ్లు తలలు పక్కకు తిప్పుకునేవారు. నా పక్కన ఒక ముసలాయన, ఒకప్పుడు ట్రాము నడిపేవాడట, తన వార్తాపత్రిక మధ్యకు చించి సగం నాకిచ్చి, "కోటు కింద పెట్టుకోమ్మా. దుప్పటికన్నా నయం" అన్నాడు. పెట్టుకున్నాను. నిజమే. ఆ రోజునుంచి ఎప్పుడు వెళ్లినా ఆయన నాకోసం ఒక పత్రిక అట్టేపెట్టేవాడు.

ఎక్స్‌రే తీశారు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో నీడ ఉందన్నారు. అక్కడి డాక్టరు పెద్దవాడు, మెత్తని మనిషి. కొండల్లోని క్షయరోగుల శానిటోరియంలో మంచం కోసం రాస్తానని, మంచం దొరికేలోగా ప్రయాణానికి ఓపిక ఉంటే మా దేశం వెళ్లిపోయినా మంచిదేనని చెప్పాడు. చదువు సంగతి అడిగాను. ఆయన నా భుజం తట్టాడు.

ఇంటికి వచ్చేసరికి మిసెస్ హార్ట్లీకి కబురు అందింది. మర్నాటినుంచి నా కప్పు పిడికి ఎర్రదారం కట్టి వేరే అరలో పెట్టింది. ఆమెను తప్పు పట్టలేను. అమ్మ గ్లాసు, అమ్మ పళ్లెం మా ఇంట్లోనూ వేరుగా ఉండేవి. అయితే కప్పు వేరు చేసిన ఆ మనిషే రోజూ సాయంత్రం తన వాటా బొగ్గుతో నీళ్లు కాచి రబ్బరు సంచీలో పోసి నా కాళ్ల దగ్గర పెట్టి వెళ్లేది. రెండూ ఒక్క చేతి పనులే. భయం, దయ ఒక మనిషిలో పక్కపక్కన ఎలా ఇముడుతాయో అని ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ ఆలోచించేదాన్ని.

భయం లేదని చెప్పను. అమ్మ మంచం, కిటికీ, ఆమె ఉమ్మడానికి పెట్టిన మూకుడులో బూడిద గుర్తొచ్చేవి. అయినా మంచంమీద పడుకున్న మనిషికి పని ఉండదు కనక నేను జ్వరాన్ని గమనించడం మొదలుపెట్టాను. పురుగుల్ని చూసే అలవాటు ఎక్కడికి పోతుంది? అప్పుడు తట్టింది. ఇది రోజూ వచ్చే జ్వరం కాదు. రోజు విడిచి రోజు వస్తోంది. అదీ దాదాపు ఒకే వేళకు. ముందు వణుకు, తర్వాత కాక, ఆ తర్వాత చెమట. ఈ వరస నాకు తెలిసినదే. మాచర్లలో చంద్రవంక ఒడ్డున ఆడుకుని పెరిగిన ఏ పిల్లకు తెలియదు? నల్లమల అంచు ఊళ్లలో వానలు వెళ్లాక ప్రతి ఇంట్లోనూ ఇదే. మా చలిజ్వరం!

ఇది మలేరియా ఏమోనని ఛాతీ ఆసుపత్రి డాక్టరుతో చెప్పాను. ఆయన కిటికీ బయటికి చూశాడు. కిటికీ అంచు దాకా మంచు.

"ఇందులో దోమలెక్కడివమ్మా?" అన్నాడు, నొప్పించకుండా.

"దోమ మా దేశంలోనే కుట్టి ఉంటుంది. జ్వరం తిరగబెట్టొచ్చు కదా?"

"రావచ్చు. కానీ మీ ఎక్స్‌రే ఉంది. మీ అమ్మగారి సంగతి ఉంది."

ఆయన అన్నదీ సబబే. ఇంకో ఇబ్బంది ఏమంటే, నా అనుమానాన్ని నేనే నమ్మలేకపోయాను. అది చలిజ్వరం కావాలని నాకు ప్రాణం కొట్టుకుంటోంది. మనం కోరుకున్న జవాబే కంటికి కనబడుతుందని ప్రయోగశాలలో మొదటి పాఠం నేర్పుతారు.

ఇంతలో మాచర్లకు ఈ వార్త చేరింది. అక్కడే చదువుకుంటున్న గుంటూరు వైపు విద్యార్థి ఎవరో వాళ్ల ఇంటికి రాస్తే, అక్కణ్ణుంచి మా వీధి దాకా పాకింది. "వెంటనే బయలుదేరు" అని నాన్న తంతి కొట్టాడు. వెనకాలే విమానం టపాలో అత్త ఉత్తరం. అత్తకు రాయడం రాదు. పక్కింటి పిల్ల చేత చెప్పి రాయించింది. అత్త నోటి మాట ఒక్కటీ మారలేదు.

"మీ నాయన మాట ఇనమాక. ఆయనకి కాళ్లూ చేతులూ ఆడట్లా. మీయమ్మను నేను చూసుకున్నా గదా. అప్పుడు ఎవురో క్షయ అంటే క్షయ అనుకున్నాం. సరీగా చూడండయ్యా అని ఏ డాకటరునీ గట్టిగా అడగలా. నువ్వు చదువుకున్నదానివి. అడుగు. అదేందో తేల్చుకునే రా. తేలకుండా మాత్రం రామాక."

ఆ మాటలు చదివి మొదట ఏడ్చాను. తర్వాత లేచి కోటు వేసుకున్నాను.

రక్తం చుక్క గాజుపలక మీద పలచగా పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూడడం నాకు రాని విద్య కాదు. జీన్ నన్ను పట్టుకుని నడిపించింది. రోడ్డుకు రెండు వైపులా మంచు నడుము ఎత్తున గుట్టలుగా ఉంది. విశ్వవిద్యాలయంలో మా శాఖలో కరెంటు లేదు. సూక్ష్మదర్శినిని కిటికీ దగ్గరికి జరిపి, కింద ఉన్న అద్దాన్ని బయటి మంచువైపు తిప్పాం. అంత తెల్లని వెలుగు ఆ నగరంలో నేనెన్నడూ చూడలేదు. దీపం కన్నా బాగుంది.

వేలు పొడుచుకుని, పలక తయారుచేసి కూర్చున్నాను. ఒక మూలనుంచి మరో మూలకు జరుపుతూ కళ్లు నీళ్లు కారేదాకా చూశాను. ఎర్రకణాలు తప్ప ఏమీ లేవు. ఒకటి రెండు చోట్ల ఏదో ఉన్నట్టే అనిపించింది. అది రంగు మరకో, దుమ్మో, నా ఆశో తెలియలేదు.

"ఏమీ లేదు" అన్నాను జీన్‌తో.

"ఇవాళ జ్వరం లేదుగా. వచ్చే రోజు చూద్దాం" అంది.

ఆ మాట నాకు ముందే తోచవలసింది. పురుగు కదలని వేళ చూసి పురుగు లేదనేదాన్నా? మర్నాడు వణుకు రాబోతుందని వేళ్ల చివర్లు చల్లబడుతుండగానే మళ్లీ వెళ్లాం. పలక తయారుచేశాను. ఈసారి నేను చూడలేదు.

"ముందు నువ్వు చూడు. దేనికోసం చూడాలో నీకు చెప్పను. కణాల్లో మామూలుగా లేనిది ఏదైనా కనిపిస్తే బొమ్మ వెయ్యి."

జీన్ నత్తల మనిషి. ఈ పరాన్నజీవిని ఆమె ఎప్పుడూ చూడలేదు. నేను పొయ్యి పక్కన కుర్చీలో రెండు కోట్ల కింద వణుకుతూ కూర్చున్నాను. ఆమె ఒక కన్ను మూసి, మరను కొద్దికొద్దిగా తిప్పుతూ ఎంతోసేపు చూసింది. కాగితం మీద రంగు పెన్సిళ్లు గీసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. నా జీవితంలో అంత పొడుగైన నిరీక్షణ మరొకటి లేదు.

కాగితం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. గుండ్రని కణం. అందులో చిన్న నీలి ఉంగరం. ఉంగరానికి పొదిగిన కెంపులా ఒక ఎర్రని చుక్క.

"ఇలాంటివి చాలా ఉన్నాయి రూత్. ఏమిటివి?"

 లేచి, నిలబడలేక బల్లను పట్టుకుని, నేనూ చూశాను. ఎన్నాళ్లుగానో నా ఒంట్లోనే ఉంటూ నన్ను వణికించిన ప్రాణి అది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో దానిమీద కోపం రాలేదు. ఎంత చక్కగా ఉంది! ఇంత చిన్నది అంత పెద్ద మనిషిని గడియారం చూసుకున్నట్టు వేళకు ఎలా పడగొడుతుంది? జీన్ నన్ను బలవంతంగా పక్కకు లాగింది. అప్పటికి నా పళ్లు కొట్టుకోవడం మొదలైంది.

ఆ వసంతం

ఛాతీ ఆసుపత్రి డాక్టరు పలకను చూసి టెలిఫోను తీశాడు. బర్మా యుద్ధంలో సైన్యంతో తిరిగి వచ్చిన మరో డాక్టరు దగ్గరికి నన్ను పంపించాడు. తలుపు దాకా వచ్చి, "మీ మాట నేను ఇంకాస్త వినవలసింది" అన్నాడు. అలా చెప్పేవాళ్లు ఎందరుంటారు?

బర్మా డాక్టరు నా ఎడమ పక్క డొక్క కింద నొక్కి చూసి తల ఊపాడు. బల్ల, అంటే ప్లీహం, పెరిగింది. మా పల్నాట్లో ప్రతి వీధిలోనూ పొట్టలో బల్ల ఉన్న పిల్లలే. "వాడికి బల్ల ఉందిలే" అని చూసీ చూడనట్టు ఊరుకుంటాం. అక్కడేమో దాన్ని తాకి చూడడానికి వైద్య విద్యార్థులు బారులు తీరారు. వాళ్లలో చాలామంది చేతులు మంచుగడ్డలు. ఒకతను తడబడుతూ "క్షమించండి, ఇంతవరకు పుస్తకంలోనే చదివాను" అన్నాడు.

"ఫరవాలేదు, చూడండి. కానీ నాకు కూడా చూపించాలి" అన్నాను. అతను నా వేళ్లు పట్టుకుని సరైన చోట పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చమన్నాడు. లోపలినుంచి ఏదో నునుపుగా దిగివచ్చి నా వేళ్లను తాకింది. నా శరీరంలో నాకు తెలియని ఒక భాగంతో అది మొదటి పరిచయం.

మరి ఎక్స్‌రేలో నీడ? ఆ డాక్టరు దాన్ని వెలుగుకు ఎదురుగా పట్టి చూపించాడు. "పాత మచ్చ. చిన్నప్పుడు మీ అమ్మగారి నుంచి సోకి, దానంతట అదే మానిపోయి ఉంటుంది. భయం లేదు." అమ్మ ఫొటో ఒక్కటి కూడా లేదు మా ఇంట్లో. ఆ ఫిల్మును నేను చాలాసేపు చేతిలోంచి దింపలేదు.

మలేరియాకు మెపాక్రిన్ మాత్రలు ఇచ్చారు. చేదు సంగతి అలా ఉంచండి, ఒళ్లంతా పచ్చబడింది. పెళ్లికూతురికి నలుగు పెట్టినట్టు అయ్యాను. మిసెస్ హార్ట్లీ తలుపు తీసి నన్ను చూసి బెదిరిపోయి, సంగతి విని కుర్చీలో కూలబడి నవ్వింది. తర్వాత లోపలికి వెళ్లింది. కత్తెర చప్పుడు వినిపించింది. కప్పు తెచ్చి నా ముందు పెట్టినప్పుడు దాని పిడికి దారం లేదు. ఆమె కళ్లు మాత్రం నా కళ్లలోకి చూడలేదు. టీలో తన వాటా చక్కెర కూడా వేసి ఉంది.

మంచం మీద కోలుకుంటున్న రోజుల్లో బర్మా డాక్టరును ఒక ప్రశ్నతో వేధించేదాన్ని. ఓడ ఎక్కే ముందు నాకు జ్వరం లేదు. నెలల తరబడి లేదు. అన్నాళ్లూ అది ఎక్కడుంది?

"రక్తంలో కనపడదు. ఇంకెక్కడో ఉంటుంది. కాలేయం అని కొందరి అనుమానం. లండనులో వెతుకుతున్నారు" అన్నాడు.

"అంటే మీకూ తెలియదా?"

"ఇంకా ఎవరికీ తెలియదు" అని నవ్వాడు.

పెద్ద డాక్టరు తెలియదని చెబితే భయపడాలేమో. నాకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. తెలియని సంగతి ఇంకా మిగిలి ఉందంటే లేచి తిరగాలనిపించింది.

ఇంటికి తంతి పంపాను. "క్షయ కాదు. చలిజ్వరం. నయమవుతోంది." ఆ తంతి విన్నాక అత్త ఏం చేసిందో నేను ఊరు చేరాక మా వీధివాళ్లు నటించి మరీ చూపించారు. చీపురు చేతిలో ఉండగానే వీధిలోకి వచ్చి, "ఇన్నారా! చలిజరమంట! దానికి అంత దూరం బోవాల్నా? ఈడ మనకాడ కావాల్సినంత లేదూ?" అని ఇంటింటికీ చెప్పిందట. చెబుతూనే వేపచెట్టు కింద కూర్చుని భోరుమందట.

1948 వానాకాలం

వేసవిలో జ్వరం ఒకసారి తిరగబెట్టి, మళ్లీ తగ్గింది. చదువు ఆలస్యమైంది గాని ఆగలేదు. పట్టా చేతికి వచ్చాక జీన్ వాళ్ల తాతగారి పాత ఇత్తడి సూక్ష్మదర్శినిని గుడ్డలో చుట్టి నాకిచ్చింది. వద్దంటే, "నత్తల్ని చూడడానికి నాకు శాఖవారిది ఉంది. మీ ఊళ్లో ఉందా?" అంది. లేదు.

గుంటూరులో రైలెక్కి నరసరావుపేట, గురజాల దాటి మాచర్లలో దిగేసరికి వాన. నాన్న గొడుగు తెచ్చుకుని కూడా తెరవడం మరిచిపోయి నిలబడి ఉన్నాడు. నా చెంప మీద చెయ్యి పెట్టి చూశాడు, కాలుతోందేమోనని. ఇంటికి వెళితే వెనక గదికి కొత్త సున్నం. కిటికీ పక్కన మంచం.

"ఎవరికోసం ఈ గది?" అన్నాను.

నాన్న నా పెట్టెను మంచం కిందకు తోసే పనిలో పడ్డాడు. అత్తే చెప్పింది. "నీకోసమేలే. ఆ కబురు వచ్చినప్పుడు మీ నాయన తనే సున్నం కొట్టాడు. ఎవుర్నీ చెయ్యి బెట్టనీలా. మీయమ్మకీ అంతే జేశాడు."

నా జబ్బుతో నేను అక్కడ పోరాడుతున్నాననుకున్నాను. అదే సమయంలో ఇక్కడ ఒక మనిషి కుంచె పట్టుకుని గోడలతో పోరాడాడని నాకు తెలియదు.

కొన్నాళ్లకే జ్వరం మళ్లీ వచ్చింది. ఈసారి భయం లేదు, మందు ఉంది. నాన్న పక్కన కూర్చున్నాడు. రక్తం పలక ఎలా చూశానో, జీన్ బొమ్మ ఎలా వేసిందో అడిగి అడిగి చెప్పించుకున్నాడు. ఆఖరికి నేలకేసి చూస్తూ, "రూతూ, మీయమ్మది గూడా... ఇదే అయ్యుంటదా? ఎవురూ చూళ్లా గదమ్మా రకతం" అన్నాడు.

ఆయన ఎన్నాళ్లుగా ఈ ప్రశ్న మోస్తున్నాడో! ఓదార్పుకోసం ఏదో ఒకటి చెప్పేయవచ్చు. కానీ ఏం చెప్పినా ఓదార్పు కాదు. ఇదే అయ్యుంటే ఆయన మరింత కుమిలిపోతాడు.

"అమ్మకు దగ్గులో రక్తం పడేదా అత్తా?" అన్నాను.

"పడేది. మూకుళ్లకి మూకుళ్లు నేనే గదే పారబోసింది."

"అయితే ఇది కాదు నాన్నా. అది క్షయే. ఆనాడు దానికి ఎక్కడా మందు లేదు. నువ్వు చెయ్యగలిగింది ఏదీ మిగల్చలేదు."

నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం ఆయన చానా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడని అత్త చెప్పింది.

ఆ రోజుల్లోనే కృష్ణ అవతల నైజాం ఊళ్లలో గొడవలకు తాళలేక కుటుంబాలు ఏరు దాటి మా వైపు వచ్చాయి. కొందరు నాన్న బడిలోనే తలదాచుకున్నారు. వానలో, దోమల్లో, సగం మంది జ్వరాలతో ఉన్నారు. అందరిదీ ఒకే జ్వరం అనుకుని ఒకే మందు పోస్తే ప్రాణాలు పోతాయి. నేను లేచి తిరగగలిగిన రోజునే బడి వసారాలో బల్ల వేసి, ఇత్తడి సూక్ష్మదర్శినిని ఎండకు ఎదురుగా పెట్టాను. పలకలు చూసి నేను రాసి పంపితే గురజాల ఆసుపత్రి డాక్టరు గారు మందులు ఇచ్చేవారు. నాన్న జనాన్ని వరసలో నిలబెట్టేవాడు.

పరాయి దేశం వెళ్లే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. జబ్బు వస్తే దాచకండి, సిగ్గుపడకండి. మీ ఒంటి సంగతి మీకు తెలిసినంత అక్కడివాళ్లకు తెలియకపోవచ్చు. వాళ్లకు తెలిసింది మీకు తెలియకపోవచ్చు. పేరు పెట్టేశారు కదా అని ఊరుకోక, మళ్లీ అడగండి. పక్కన ఒక జీన్ ఉండేలా చూసుకోండి.

బడి వసారా ముందు వరసలో ఒకరోజు ఎల్లమ్మ వచ్చింది. దేవరకొండ వైపు మనిషి. చంకలో మూడేళ్ల కూతురు. పిల్లకు పొట్టలో బల్ల, కళ్లు తేలేసి ఉంది. ఆ పిల్ల మందులతో కోలుకుని ఇప్పుడు వాళ్ల ఊళ్లో ఆడుకుంటోంది. కానీ ఆ రోజు మా ఎవరికీ నమ్మకం లేదు. వేలు పొడిస్తే పిల్ల ఏడవను కూడా లేదు.

"గా రక్తం దీసి ఏం జేస్తవమ్మా? మంత్రమా?" అంది ఎల్లమ్మ.

"మంత్రం కాదు. నీ బిడ్డకు జ్వరం తెచ్చినదాన్ని వెతుకుతున్నా."

పలక చూశాను. ఉంగరాలు, బోలెడు. పక్కకు జరిగి, "నువ్వూ చూడు" అన్నాను. పిల్లను అత్త అందుకుంది. ఎల్లమ్మ వంగి, ఒక కన్ను మూయడం చేతకాక అరచేత్తో కప్పుకుని, గొట్టంలోకి చూసింది. మొదట తన కనురెప్పలే కనిపించాయట. తర్వాత ఉన్నట్టుండి కదలకుండా అయిపోయింది.

"ఎర్రగ, పైసల లెక్క ఉన్నయి... వాటి లోపల నీలంగ గదేంది?"

"అదే."

"గదా? గింతదా నా బిడ్డెను ఇట్ల గుంజుతున్నది?"

అవునన్నాను. వెనక వరసలో జనం గొణుగుతున్నారు. "ఇంక జరగమ్మా, మిగతావాళ్లు ఉన్నారు" అన్నాడు నాన్న. ఎల్లమ్మ కన్ను తియ్యలేదు. ఖాళీగా ఉన్న చేతిని వెనక్కి చాపి వాళ్లను ఆపింది.

"జర ఆగుండ్రి. దీని మొకం నేను మంచిగ జూసుకోవాలె."

అంతలో ఎండ పక్కకు తప్పుకుంది. నేను అద్దం కాస్త తిప్పి, ఆమెకు మళ్లీ వెలుగు పట్టాను.